నాలుగో కార్డు

ఆ రోజు నేను కార్డును చల్లారనివ్వలేదు. ఒక రాత్రి ఆగవలసిన చోట ఆగలేదు. అంతటితో ఊరుకోక, ఆగినట్టు కాగితం మీద రాశాను. రెంటిలోనూ రాయడమే పెద్ద తప్పని ఇప్పుడు తెలుసు. మొన్న నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఒక పాత కంప్యూటర్ మూత తీసినప్పుడు, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున వచ్చింది. పక్కనున్న లెక్చరర్ ఏదో కాలుతోందని వెనక్కి జరిగారు. నేను ముందుకు వంగాను. ఆ వాసన తగిలితే చాలు, కామారెడ్డి సిరిసిల్ల రోడ్డులో ఒక ఇరుకు దుకాణం, ఎండాకాలపు మధ్యాహ్నం, బల్ల మీద మోచేతులు ఆనించి కళ్ళు మూసుకుని యంత్రం చప్పుడు వింటున్న ఒక మనిషి నాకు కనిపిస్తాడు. ఆయన పేరు నర్సింలు. నేను నర్సింలన్న అనేవాణ్ణి. 2010 నుంచి, 2014లో ఆయన దుకాణం మూసేదాకా ఆయన దగ్గరే పనిచేశాను.

నర్సింలన్న మొదట పొలాల మోటార్లకు వైండింగ్ చేసేవాడు. రాజంపేట, దోమకొండ వైపు రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొచ్చి ఆయన ముందు దించేవారట. చదువు పదో తరగతితో ఆగిపోయింది. కంప్యూటర్లు ఎలా పట్టుబడ్డాయని నేను అడిగితే, మోటారునూ వేడే చంపుతుంది, దీన్నీ వేడే చంపుతుంది, తేడా ఏముంది అన్నాడు. మిగతా దుకాణాల్లో ప్రింటర్లు, కీబోర్డులు అమ్ముకుంటుంటే ఈయన గ్రాఫిక్స్ కార్డుల మీద పడ్డాడు. ఆట ఆడుతున్నప్పుడు తెర మీది బొమ్మను క్షణక్షణం గీసేది ఆ కార్డే. దాదాపు ఏటా కొత్త తరం కార్డులు వస్తాయి. అవి వచ్చిన రోజే నిన్నటి తరానికి విలువ పడిపోతుంది. హైదరాబాదులో ఆటల సెంటర్ల వాళ్ళు కొత్తవి బిగించుకుని పాతవి వదిలించుకునేవారు. నర్సింలన్న నెలకోసారి పొద్దుటి రైలుకు సికింద్రాబాదు వెళ్ళి, వాటిలో మంచివి ఏరి, పాత చీర ముక్కల్లో చుట్టి సంచీలో పెట్టుకుని తెచ్చేవాడు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి చేరాను. చదివానన్న గర్వం నాకు నిండుగా ఉండేది. ఏ కార్డుకు ఎంత మెమరీ, ఎంత వేగం, ఏది ఏ ఆటలో ఎన్ని మార్కులు తెచ్చుకుంది, అన్నీ ఇంటర్నెట్‌లో చదివి కంఠతా పెట్టాను. చేరిన వారంలోనే ఆయన ఒక కార్డు నా చేతిలో పెట్టి, ఎట్లుందో చెప్పమన్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు.

“అవన్నీ డబ్బా మీద రాసే ఉంటయి తమ్మి. ఇది డబ్బా లేని కార్డు. దీని సంగతి చెప్పు” అన్నాడు.

నేను దాన్ని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన కార్డును వెలుతురుకు తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెనక పలక మీద బొటనవేలు మెల్లగా నడిపించాడు. ఇది సెంటర్లో నలిగింది కాదు, ఒక ఇంట్లో ఉన్నది అన్నాడు. ఆ ఇంట్లో ఎవరో సిగరెట్లు తాగుతారు. ఫ్యాను ఒకసారి విప్పారు, ఎందుకంటే నాలుగు మరమేకుల్లో ఒకటి వేరే రకం. విప్పినవాడు పని తెలిసినవాడే, కంగారు పడలేదు, మరమేకు తల చెడలేదు. ఇవన్నీ చెప్పి కార్డును నా చేతికి తిరిగి ఇచ్చాడు. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాల కింద చేతిలో ఉన్నది ఒక సామాను. ఇప్పుడున్నది ఎవరో బతికిన కొన్ని సంవత్సరాలు.

2012లో కొత్త తరం కార్డులు వచ్చినప్పుడు సదాశివనగర్ నుంచి సాయిలు అనే కానిస్టేబుల్ వచ్చాడు. డ్యూటీ దిగాక కార్ల పందెం ఆట ఆడనిదే ఆయనకు నిద్ర పట్టదు. కొత్త తరంలో చిన్న కార్డు కావాలన్నాడు. అదే ధరకు పోయిన తరంలో పెద్ద కార్డు వస్తుందని నర్సింలన్న అంటే సాయిలు మొహం చిట్లించాడు. ఖాకీ బట్టలేసుకొని పాతది కొనుక్కపోతే స్టేషన్ల ఇజ్జత్ ఉంటదా అన్నాడు. నర్సింలన్న వాదించలేదు. రెండు కార్డులను రెండు కంప్యూటర్లలో బిగించి, రెంటినీ ఒకే దుప్పటి కింద కప్పి, తెరలు మాత్రం బయట ఉంచాడు. సాయిలు రెంటి మీదా అరగంట ఆడి, ఎడమవైపుది వెన్నలా నడుస్తోందని, కొత్తది కొత్తదే అని తేల్చేశాడు. నర్సింలన్న దుప్పటి తీశాడు. ఎడమవైపున్నది పాత కార్డు.

“పెండ్లిచూపులల్ల కూడ గిట్లనే చేస్తవా నువ్వు?” అన్నాడు సాయిలు, టోపీ తీసి తల గోక్కుంటూ.

నేను పాత కార్డును మూట కట్టబోయాను. నర్సింలన్న ఆపాడు. సాయిలు ఇంట్లో తెర ఎంతదో, కంప్యూటర్లో కరెంటు పంచే డబ్బా ఏ రకమో, సాయంత్రం క్వార్టర్లలో లైట్లు మసకబారతాయా అని ఒకటొకటిగా అడిగాడు. అన్నీ విని, పెద్ద కార్డుకు కరెంటు ఎక్కువ కావాలనీ, నీ డబ్బా అంత మోయలేదనీ, పైగా నీ తెర చిన్నది కనుక ఈ వెన్నంతా నీకు కనిపించనే కనిపించదనీ చెప్పి, సాయిలు మొదట అడిగిన కొత్త చిన్న కార్డే ఇచ్చి పంపాడు. పందెం గెలిచాక కూడా ఆ గెలుపును అమ్ముకోని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. కార్డు విలువ కార్డులో మాత్రమే ఉండదని, దాన్ని పెట్టే గదిలో, ఆ గదికి వచ్చే కరెంటులో, దాని ముందు కూర్చునే మనిషిలో కూడా ఉంటుందని ఆ రోజు నాకు అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను.

పాత కార్డు ఏదైనా ఆయన దుకాణంలో ఒక రాత్రి నిద్ర చేయవలసిందే. మొదటి రోజు మూత వేసిన కంప్యూటర్లో, ఎండపూట, ఆట నడిపిస్తూ దాన్ని బాగా వేడెక్కించేవాడు. తరువాత ఆపేసి తెల్లవారేదాకా ముట్టుకునేవాడు కాదు. పొద్దున వచ్చి, అది పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు మళ్ళీ వేసేవాడు. చచ్చిన కార్డును వేడిగాలితో కాల్చి కొన్నాళ్ళు బతికించి అమ్మేవాళ్ళు ఉంటారు. అలాంటిది వేడిగా ఉన్నంతసేపూ దర్జాగా నడుస్తుంది. చల్లారాక లోపలి అతుకు విడిపోయి, తెర నిండా గీతలు వస్తాయి. రెండు పరీక్షలూ దాటిన కార్డుకు ఆయన ఒక చీటీ అంటించేవాడు. దాని గొప్పలు కాదు, అది చేయలేని పనులు అందులో రాసి, పరీక్షలు అయినవని రాసి, కింద తన పేరు పెట్టేవాడు. రెండేళ్ళు గడిచాక ఆ చీటీలు రాసే పని నాకు అప్పగించాడు. పేరు మాత్రం ఆయనదే. ఎల్లారెడ్డి దాకా, ఇటు నిజామాబాద్ దాకా జనం కార్డును చూసి కాదు, ఆ పేరును చూసి కొనేవారు.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవుల ముందు గంగారాం వచ్చాడు. ఎల్లారెడ్డి మనిషి. ఆరేళ్ళు దుబాయిలో పనిచేసి వచ్చాడు. ఆ ఊరి బస్టాండుకు దగ్గర్లో ఒక రేకుల గది తీసుకుని నాలుగు కంప్యూటర్లతో ఆటల సెంటర్ పెడుతున్నానన్నాడు. ఏజెంటు ఇంకో వీసా చేతిలో పట్టుకుని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడట. మే నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలట. “సెలవులల్ల సెంటర్ నడిచిందా, ఇంటికాడ ఉంట సార్. లేకుంటే మళ్ళ ఎడారే” అన్నాడు. ఆయన నన్ను సార్ అన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు.

నర్సింలన్న ఆ రోజు ఊళ్ళో లేడు. చుట్టాల పెళ్ళికి దోమకొండ వెళ్ళాడు. ఒకే రకం కార్డులు నాలుగు కావాలి. రెండు పరీక్షలూ అయినవి మూడు ఉన్నాయి. నాలుగోది ఆ పొద్దున్నే ఎవరో దారినపోయే మనిషి తెచ్చి అమ్మి వెళ్ళింది. గంగారాం ముహూర్తం ఆదివారం. ఇది శుక్రవారం. ఆయన నాలుగింటి బస్సు అందుకోవాలి. అన్నకు ఫోన్ చేయవచ్చు. చేస్తే ఆగమంటాడని తెలుసు, అందుకే చేయలేదు. రెండు గంటలు ఆట నడిపించాను. ఒక్క గీత రాలేదు. కార్డును విప్పినప్పుడు మధ్యనున్న చిప్పు అంచున పసుపు రంగు జిగురు, చచ్చిన కార్డులను కాల్చేవాళ్ళు పూసేలాంటిది, సన్నగా కనిపించింది. వార్నిష్ లాంటి వాసన వచ్చింది. నేను చూడలేదని చెప్పను. చూశాను. వేలితో తుడిచాను. తరువాత, వేడి పరీక్ష, చల్లని పరీక్ష రెండూ అయినవని చీటీ రాసి, కింద నర్సింలు అని పెట్టాను. గంగారాం దాన్ని చదువుకుని, మడతపడకుండా జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. ముహూర్తం వేళ కొబ్బరికాయ కొట్టి, ఊరి పెద్దమనుషుల ముందు నాలుగు కంప్యూటర్లూ వేస్తే, నాలుగోదాని తెర నిండా గీతలు. దుబాయి పైసలు గీతలు గీస్తున్నయని ఎవరో అంటే అందరూ నవ్వారట. భార్య లేచి ఇంటికి వెళ్ళిపోయిందట. నర్సింలన్న అంతా విని, వస్తున్నం అని పెట్టేశాడు. తరువాత దుకాణంలో తన సొంత కంప్యూటర్ మూత విప్పాడు. అందులో పోయిన తరంలోకెల్లా పెద్ద కార్డు ఉండేది. మిగతా కార్డులన్నిటినీ ఆయన దానితోనే పోల్చి చూసేవాడు. ఎందరో అడిగినా అమ్మలేదు. దాన్ని విప్పి చీర ముక్కలో చుడుతుంటే నేను అడ్డుపడ్డాను. వేరేది ఏదైనా పరీక్ష చేసి రేపు పంపుదామన్నాను.

“గాయినకు రేపటిదాంక ఆగే తాకత్ లేదు” అన్నాడు.

లింగంపేట మీదుగా గంటన్నర ప్రయాణం. చీర ముక్కలో చుట్టిన కార్డును ఆయన ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆ రేకుల గదిలోకి అడుగుపెడితే పొయ్యిలో తల పెట్టినట్టు ఉంది. గంగారాం మంచినీళ్ళు ఇచ్చి, జేబులోంచి చీటీ తీసి నర్సింలన్న చేతిలో పెట్టాడు. ఆయన చదివాడు. నేను తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వంక చూశాను.

“తప్పు నాదే గంగారాం. నా పేరు మీద వచ్చిన కార్డు” అన్నాడు నర్సింలన్న.

నోరు తెరవడానికి అదే సమయం. నేను తెరవలేదు. ఆయన పాడైన కార్డును తీసి వాసన చూశాడు. చిప్పు అంచున గోరుతో గీసి, గోటి కింద చేరినదాన్ని చూసుకున్నాడు. ఆ కంప్యూటర్లో కరెంటు డబ్బా పెద్దదేనని చూసుకుని తన కార్డు బిగించాడు. నాలుగు కంప్యూటర్ల మీదా ఆటలు పెట్టించి మా ఇద్దరిని తప్ప అందరినీ బయటికి పంపి, గది మధ్యలో స్టూలు వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాలుగు ఫ్యాన్ల రొద నాకు ఒకే రొద. ఆయన మాత్రం కళ్ళు తెరవకుండానే, రెండోది గోడకు ఆని ఉంది, దానికి ఊపిరి ఆడడం లేదు, జరపమన్నాడు. జరిపితే నిజంగానే దాని గొంతు మారింది. ఇంకాసేపటికి ఆయన తల కొంచెం పక్కకు వాలింది.

“పొలాలల్ల మోటర్లు పడ్డయి” అన్నాడు.

గంగారాం బయటికి పోయి ఎవరినో అడిగి వచ్చాడు. నిజమే. అప్పుడే పొలాలకు కరెంటు ఇచ్చారట. ఊరి అవతల మోటార్లు నీళ్ళు ఎత్తడం మొదలుపెడితే, ఇక్కడ తీగల్లో బలం తగ్గి, అరచేయంత ఫ్యాను వెంట్రుకవాసి మెల్లబడితే, ఆ వెంట్రుకవాసిని ఆయన విన్నాడు. నేను గుడికి వెళ్ళినప్పుడు కూడా అంత నిశ్చలంగా నిలబడి ఎరుగను. అలాంటి చెవి ఉన్న మనిషి పేరును, నేను నాలుగింటి బస్సు కోసం వాడేసుకున్నాను.

ఆయన లేచి రేకుల వంక చూశాడు. ఇప్పుడు కార్డులకు ఢోకా లేదనీ, ఈ రేకులే వాటిని చంపుతాయనీ, మే నెల దాటాలంటే పైన ఏదైనా కప్పించమనీ గంగారాంకు చెప్పాడు. గంగారాం సరేనన్నాడు. ఒక్కణ్ణి, ఎప్పుడు కప్పాలో చూడాలి అని నేలను చూస్తూ అన్నాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. ఏజెంటు. మళ్ళా చెప్తా అని పెట్టేశాడు.

తిరుగు బస్సు లింగంపేట దాటాక నాకు ఇక ఉండబట్టలేదు. చీటీ అబద్ధమని, జిగురు తుడిచింది నేనేనని చెప్పాను.

“నాకెరుక” అన్నాడు.

“ఎప్పటిసంది అన్నా?”

“చీటీ చదివినప్పుడే. నేను పెండ్లికి పోయిననాడు మూడే ఉన్నయి. నాలుగోది ఎప్పుడొచ్చిందో నాకు తెల్వదా?”

“మరి ఆడ ఎందుకనలే?”

“నువ్వంటవేమోనని చూసిన” అన్నాడు, కిటికీ వైపు తిరిగి.

ఆ తరువాత ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నన్ను పని మానమంటాడని రాత్రంతా అనుకున్నాను. మర్నాడు పొద్దున చల్లబడ్డ కార్డు ఒకటి నా ముందు పెట్టి, వేసి చూడమని, చీటీ నన్నే రాయమని కలం ఇచ్చాడు. కింద పెట్టిన పేరు కూడా ఎప్పటిలా ఆయనదే. తిట్టి ఉంటే నేను కొన్నాళ్ళకు మరిచిపోయేవాణ్ణి. కలం పట్టుకున్నాక, రాసే ముందు కార్డును మళ్ళీ విప్పి చిప్పు అంచు చూశాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, పోకూడదని కూడా అనుకుంటాను. కాలేజీలో కొత్త సామాను ఏది వచ్చినా ఒక రాత్రి గడవనిదే నేను సంతకం చేయను. నన్ను నత్త అంటారు. అననీ. జనం ఫోన్లలో ఆడుకోవడం మొదలుపెట్టాక నర్సింలన్న దుకాణం మూసి మళ్ళీ మోటార్ల వైండింగ్‌కే వెళ్ళాడు. బాధ లేదా అని అడిగితే, చెవి నాతోనే వచ్చింది కదా అన్నాడు.

ఆ బస్సులో చెప్పినంత మాత్రాన నా బరువు దిగలేదు. చెప్పవలసింది వేరే మనిషికి. ఆ వచ్చే ఆదివారం దాకా జంకుతూ గడిపి, మొదటి బస్సుకు ఒక్కణ్ణే ఎల్లారెడ్డి వెళ్ళాను. సెంటర్లో ముగ్గురు నలుగురు ఆడుతున్నారు. వాళ్ళ ముందే గంగారాంకు చెప్పాను, తప్పు నర్సింలన్నది కాదని, నాదని. ఆయన ఆడేవాళ్ళ వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగాడు.

“సార్ అని పిలిచిన నిన్ను. మా ఆమె ముందట కూడ సారే ఇచ్చిండని చెప్పిన” అన్నాడు.

పైన ఏమన్నా కప్పారా అని అడిగాను. లేదన్నాడు. నేను కప్పుతానన్నాను. అది కంప్యూటర్ కాదు, నీకేం వస్తది అన్నాడు. మాది రాజంపేట అని, చిన్నప్పుడు మా బాపుతో కలిసి పందిళ్ళు వేశానని చెప్పాను. నమ్మినట్టు లేడు. అయినా వాళ్ళ అన్న పొలంలో మొక్కజొన్న తీశాక కోసి పెట్టిన మక్క సొప్ప ఉందని, కావలసినంత తీసుకోవచ్చని అన్నాడు.

వరుసగా ఆదివారాలు వెళ్ళాను. రేకుల మీద వెదురు కర్రలు అడ్డంగా పరిచి కట్టి, వాటి మీద సొప్ప మోపులు విప్పి పరుస్తూ పోయాను. కాళ్ళ కింద రేకు కాలేది. సొప్ప ఆకులు మోచేతుల దాకా కోసేవి. గంగారాం నిచ్చెన ఎక్కి మోపులు అందించేవాడు. మొదటి ఆదివారం ఆయన మాట్లాడలేదు. రెండో ఆదివారం తినడానికి పిలిచాడు. కింద సెంటర్ నిండుతోంది. నాలుగో కంప్యూటర్ దగ్గర వంతు కోసం కొట్లాడుకుంటున్నారని, దాన్ని పెద్దది అంటున్నారని ఆయనే చెప్పాడు.

మే నెల చివరి ఆదివారం ఇంకా ఒక మూల మిగిలింది. గంగారాం మోపు కోసం కిందికి దిగాడు. ఫోన్ మోగింది. రేకుల కింద ఆటల చప్పుడు ఎక్కువగా ఉండటం వల్ల ఆయన గోడ పక్కకు వచ్చి, సరిగ్గా నా కింద నిలబడి గట్టిగా మాట్లాడాడు.

“లేదు, ఈ యేడు వస్తలేను. వచ్చే యేడు ముచ్చట ఇప్పుడెట్ల చెప్త? ఈ యేడైతే రాను.”

అవతల ఏజెంటు ఏదో అంటూనే ఉన్నాడు. గంగారాం ఫోన్ పెట్టేసి, తలెత్తి పైకి చూశాడు. నేను ఇంకో మోపు అందించమన్నాను.